సొంత ప్యాచ్‌లు వేసిన కంపైలర్‌తో ఐదేళ్ల తర్వాత కూడా అదే బైనరీ రావాలంటే ఏం చేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. తిరుపతిలో ఆరుగురి టీమ్. రిస్క్-ఫైవ్ రకం ప్రాసెసర్ ఉన్న బోర్డు మీద ఫర్మ్‌వేర్, అంటే బోర్డులోనే ఉండి దాన్ని నడిపే ప్రోగ్రామ్, రాస్తున్నారు. సోర్స్ కోడ్‌ని చిప్‌కి అర్థమయ్యే బైనరీగా మార్చే కంపైలర్ జీసీసీకి రెండు సొంత ప్యాచ్‌లు (కోడ్‌లో చిన్న మార్పులు) వేసుకున్నారు, ఒకటి మీ చిప్‌లోని అదనపు ఇన్‌స్ట్రక్షన్ కోసం, ఇంకొకటి ఒక బగ్ కోసం. ఒకే కమిట్‌ని (కోడ్ ఒకే స్థితిని) ఆరు ల్యాప్‌టాప్‌లలో బిల్డ్ చేస్తే ఆరు హ్యాష్‌లు వస్తున్నాయి, అంటే ఫైల్‌కి వేలిముద్ర లాంటి సంఖ్య ఆరు రకాలుగా ఉంది. కస్టమర్ "ఐదేళ్ల తర్వాత ఈ సోర్స్ నుంచి ఇదే బైనరీ తీసి చూపించగలరా?" అని అడిగాడు. టూల్‌చెయిన్‌ని, అంటే కంపైలర్, దానితో పనిచేసే టూల్స్, లైబ్రరీల సెట్‌ని, కోడ్ మార్పులు దాచే గిట్‌లో పెట్టాలా, అన్నీ సర్ది మూటగట్టిన డాకర్ ఇమేజ్‌లో పెట్టాలా, ఎవరికి వాళ్లు స్క్రిప్ట్‌తో బిల్డ్ చేసుకోవాలా అన్నది మీ సందేహం.

ముందు సూటిగా జవాబు చెప్తాను. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ విడిగా సరిపోదు. టూల్‌చెయిన్‌ని సోర్స్ నుంచి, రాసిపెట్టిన పద్ధతి ప్రకారం, ఒకే చోట బిల్డ్ చేయండి. వచ్చినదాన్ని టార్ ఫైల్‌గా (ఫైళ్ల మూటగా) కట్టి, దాని షా-256 హ్యాష్‌ని మీ ప్రాజెక్టు రిపోలో (గిట్‌లో కోడ్ ఉండే చోట) రాసిపెట్టండి. ఆ హ్యాష్ సరిపోతేనే ఫర్మ్‌వేర్ బిల్డ్ మొదలవ్వాలి. డెవలపర్లు ఎవరూ తమ ల్యాప్‌టాప్‌లో కంపైలర్ బిల్డ్ చేసుకోకూడదు. లైనక్స్‌లో ప్యాకేజీలు తెచ్చే యాప్ట్‌తో తెచ్చుకోనూకూడదు. అందరికీ ఒకే టార్ ఫైల్ అందాలి.

నేను రేణిగుంట దగ్గర ఒక చిన్న కంపెనీలో చాలా ఏళ్లుగా ఫర్మ్‌వేర్ పని చేస్తున్నాను. పాల సేకరణ కేంద్రాల్లో వాడే బల్క్ కూలర్లకి కంట్రోలర్ బోర్డులు చేస్తాం. ఈ విషయం మీద నాకు ఇంత పట్టుదల ఎందుకో చెప్పాలంటే ఒక అనుభవం చెప్పాలి. 2021లో చిత్తూరు వైపు కేంద్రాల్లో ఉన్న మా పాత కంట్రోలర్లు ఉష్ణోగ్రత తప్పుగా చూపించడం మొదలుపెట్టాయి. కారణం ఒక్క పూటలో దొరికింది. దిద్దాల్సింది ఒకే లైను. కానీ ఆ ఫర్మ్‌వేర్ 2016లో చేసినది. అప్పుడు కంపైలర్ బిల్డ్ చేసిన అబ్బాయి బెంగళూరు వెళ్లిపోయాడు, అతని ల్యాప్‌టాప్ ఫార్మాట్ అయిపోయింది. బిల్డ్‌లో వచ్చిన ఈఎల్ఎఫ్ ఫైల్‌లో కంపైలర్ తన పేరు రాసుకునే కామెంట్ సెక్షన్ చూస్తే జీసీసీ 5.4 అని తెలిసింది కానీ, దానికి ఏ ప్యాచ్‌లు వేశారో, ఏ ఆప్షన్లతో కాన్ఫిగర్ చేశారో తెలియలేదు.

మా పెద్దాయన "కోడ్ అదే కదప్పా, కంపైలర్ మారితే ఏమవుతుంది?" అన్నారు. కొత్త కంపైలర్‌తో చేసి చూశాం. సెన్సర్ అసలు పలకనే లేదు. పాత కోడ్‌లో సెన్సర్‌తో మాట్లాడే చోట ఖాళీ లూప్‌లు తిప్పి మైక్రోసెకన్ల ఆలస్యం తెప్పించారు. కంపైలర్ మారగానే ఆ లెక్క తప్పింది. అలా కోడ్ రాయడం తప్పే. కానీ అది తప్పని 2016లో ఎవరికీ తెలియలేదు, ఎందుకంటే ఆ కంపైలర్‌తో అది పనిచేసింది. చివరికి ఒక లైను మార్పు బయటికి వెళ్లడానికి 19 రోజులు పట్టింది. అన్ని రోజులూ ఆ కేంద్రాల్లో పనిచేసేవాళ్లు థర్మామీటర్ ముంచి, చేత్తో పుస్తకంలో రాసుకున్నారు. ఆ పుస్తకం ఒకటి నేను కళ్లారా చూశాను. మా నిర్లక్ష్యం వల్ల వాళ్లకి పడిన పని అది.

దీన్ని కొత్తగా చేరిన పిల్లలకి నేను మన ఊరి మాటతోనే చెబుతాను: టూల్‌చెయిన్‌కి దిట్టం, అంటే ఏ సరుకు ఎంత అన్న లెక్క, రాయండి. తిరుమల లడ్డూకి దిట్టం ఉంటుంది కదా. 5,100 లడ్డూలకి శనగపిండి 180 కిలోలు, చక్కెర 400, నెయ్యి 165, జీడిపప్పు 30, ఎండుద్రాక్ష 16, కలకండ 8, యాలకులు 4, మొత్తం 803 కిలోలు అని లెక్క. పోటులో, అంటే గుడి వంటశాలలో, ఆ రోజు ఎవరు నిలబడినా సరుకు అదే. మీరు ప్రస్తుతం మీ ఫర్మ్‌వేర్ కోడ్‌కి మాత్రమే దిట్టం రాశారు. కంపైలర్ సంగతి "అందరి దగ్గరా ఉన్నదే కదా" అని వదిలేశారు. ఆరు హ్యాష్‌లు రావడానికి మూలం అక్కడే ఉంది.

ఆ దిట్టంలో ఏమేం ఉండాలి? జీసీసీ, బైన్‌యుటిల్స్ (అసెంబ్లర్, ముక్కలని కలిపే లింకర్), న్యూలిబ్ (సీ లైబ్రరీ), జీసీసీ లెక్కలకి వాడుకునే జీఎంపీ, ఎంపీఎఫ్ఆర్, ఎంపీసీ, వీటిలో ప్రతిదాని కచ్చితమైన వెర్షన్, సోర్స్ టార్ ఫైల్ హ్యాష్. మీ ప్యాచ్‌లు, అవి వేసే వరుస. కాన్ఫిగర్ ఆప్షన్లు మొత్తం, డిఫాల్ట్ అనుకున్నవి కూడా రాసి. ఏ కంటెయినర్‌లో (డాకర్ ఇమేజ్ నుంచి నడిచే విడి వాతావరణంలో) బిల్డ్ చేశారో దాని డైజెస్ట్, అంటే ఆ ఇమేజ్ హ్యాష్. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్, అంటే షెల్ నుంచి ప్రోగ్రామ్‌లకి అందే సెట్టింగులు. ఈ ఫైళ్లన్నీ కలిపి తీసిన హ్యాష్‌నే టూల్‌చెయిన్ పేరుగా పెట్టండి. "జీసీసీ-కొత్తది-ఫైనల్-2" లాంటి పేర్లు పెట్టిన ఫోల్డర్లు నేను బోలెడు చూశాను. ఇన్‌పుట్‌ల హ్యాష్ పేరైతే, ప్యాచ్‌లో ఒక్క అక్షరం మారినా పేరు మారుతుంది, ఎవరూ పొరపాటున పాతదాని మీద కొత్తది రాయలేరు. జీసీసీ కాన్ఫిగర్‌లో పీకేజీ-వెర్షన్ అనే ఆప్షన్ ఉంది, అందులో కూడా ఈ హ్యాష్ మొదటి పన్నెండు అక్షరాలు ఇవ్వండి. కంపైలర్‌ని వెర్షన్ అడిగితే అది కనిపిస్తుంది, కామెంట్ సెక్షన్‌లోకీ వస్తుంది. కానీ బోర్డులోకి ఎక్కే బిన్ ఫైల్‌లో కామెంట్ సెక్షన్ ఉండదు. కాబట్టి ఫర్మ్‌వేర్ వెర్షన్ నంబర్ ఉంచే స్ట్రక్చర్‌లో కూడా ఆ హ్యాష్ పెట్టండి. ఐదేళ్ల తర్వాత పొలం గట్టున దొరికిన బోర్డుని చదివినా ఏ కంపైలరో తెలియాలి.

సోర్స్ టార్ ఫైళ్లన్నీ మీ సొంత సర్వర్‌లో ఒక కాపీ, బయట ఇంకొక చోట ఒక కాపీ ఉంచండి. జీసీసీ 13 సోర్స్ కంప్రెస్ చేశాక కూడా 80 ఎంబీ పైనే ఉంటుంది, అయినా ఈ రోజుల్లో అది పెద్ద భారం కాదు. గిట్‌హబ్ అప్పటికప్పుడు తయారుచేసి ఇచ్చే ఆర్కైవ్‌ల హ్యాష్ మీద మాత్రం ఆధారపడవద్దు. 2023 జనవరి 30న అక్కడ కంప్రెషన్ పద్ధతి మారడంతో, లోపలి ఫైళ్లు అవే అయినా ఆర్కైవ్ హ్యాష్‌లు మారిపోయి, ప్రపంచమంతటా బిల్డ్‌లు ఆగిపోయాయి. తర్వాత వాళ్లు ఆ మార్పుని వెనక్కి తీసుకున్నారు. కానీ మన బిల్డ్ ఇంకొకరి సర్వర్ సెట్టింగ్ మీద ఆధారపడిందంటే అది మన చేతుల్లో లేనట్టే.

ఇక డాకర్ గురించి. కంటెయినర్ వాడటం మంచిదే, నేనూ వాడతాను. కానీ ట్యాగ్ పేరు రాసి వదిలేస్తే లాభం లేదు. ఉబుంటు 22.04 (లైనక్స్‌లో ఒక రకం) అనే ట్యాగ్ ఈ నెల ఒక ఇమేజ్, వచ్చే నెల ఇంకొకటి. ట్యాగ్ కాదు, డైజెస్ట్ రాయండి. డాకర్‌ఫైల్‌లో యాప్ట్ అప్‌డేట్ ఉంటే అది కూడా రోజుకో రకంగా ఉంటుంది. డెబియన్ అనే ఇంకొక రకం లైనక్స్ వాడితే స్నాప్‌షాట్ ఆర్కైవ్ ఉంది, అందులో ఒక తేదీ, సమయం ఇస్తే ఆ క్షణంలో ఉన్న ప్యాకేజీలే వస్తాయి. టూల్‌చెయిన్ బిల్డ్ కంటెయినర్‌కి నేను డెబియన్ ఎంచుకున్నది ఈ ఒక్క కారణానికే.

ఆ కంటెయినర్ కావాలనే కొంచెం పాతది పెట్టుకోండి. కొత్త డిస్ట్రోలో (లైనక్స్ రకంలో) బిల్డ్ చేసిన కంపైలర్ పాత మెషీన్‌లో "జీలిబ్‌సీ 2.34 దొరకలేదు" అని మొండికేస్తుంది. జీలిబ్‌సీ అంటే ఆ లైనక్స్‌లో ప్రోగ్రామ్‌లు వాడుకునే సీ లైబ్రరీ. ఉబుంటు 20.04లో ఉన్నది 2.31, 22.04లో 2.35. మీ ఆరుగురిలో ఒక్కరి దగ్గర పాతది ఉన్నా ఈ ఇబ్బంది తప్పదు.

ఇప్పుడు చాలామంది గజిబిజి పడే చోటికి వద్దాం. "రీప్రొడ్యూసిబుల్" అన్న మాట ఇక్కడ రెండు అంచెల్లో ఉంటుంది. ఒకటి, కంపైలర్ బైనరీ ప్రతిసారీ ఒకేలా రావడం. రెండు, ఆ కంపైలర్ ఇచ్చే ఫర్మ్‌వేర్ ప్రతిసారీ ఒకేలా రావడం. మీ కస్టమర్ అడిగింది రెండోది. మొదటిది లేకుండా కూడా రెండోది సాధ్యమే. జీసీసీ తనను తాను మూడు దశల్లో బిల్డ్ చేసుకునేటప్పుడు రెండో దశ, మూడో దశ ఆబ్జెక్ట్ ఫైళ్లని (ఒక్కో సోర్స్ ఫైల్ నుంచి వచ్చే బైనరీ ముక్కలని) పోల్చి చూసుకుంటుంది. రెండో దశని బిల్డ్ చేసింది మొదటి దశ కంపైలర్, మూడో దశని బిల్డ్ చేసింది రెండో దశ కంపైలర్. చేసినవాళ్లు వేరైనా, సోర్స్ ఒకటే కాబట్టి ఫలితం ఒకటే కావాలి. అంటే కంపైలర్‌ని ఎవరు బిల్డ్ చేశారన్నది దాని అవుట్‌పుట్‌ని మార్చకూడదు.

కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది, మీ ఆరు హ్యాష్‌లలో దీని వాటా తప్పకుండా ఉండి ఉంటుంది. టూల్‌చెయిన్ అంటే కంపైలర్ ఒక్కటే కాదు. దానితోపాటు వచ్చే లిబ్‌జీసీసీ (జీసీసీ సొంత సహాయక లైబ్రరీ), న్యూలిబ్, స్టార్టప్ ఆబ్జెక్ట్ ఫైళ్లు నేరుగా మీ ఫర్మ్‌వేర్‌లో కలుస్తాయి. వాటిని ఎవరి ల్యాప్‌టాప్‌లో వాళ్లు బిల్డ్ చేసుకుంటే, ఆ ల్యాప్‌టాప్‌లోని హోమ్ ఫోల్డర్ పేరు డీబగ్ సమాచారంగా అందులో నిలిచిపోతుంది. మా దగ్గర ఒకసారి కస్టమర్‌కి పంపిన ఈఎల్ఎఫ్ ఫైల్‌లో మా ఇంటర్న్ పేరు కనిపించింది. ఫర్మ్‌వేర్ కోడ్‌లో ఎంత వెతికినా దొరకలేదు, అది లిబ్‌జీసీసీలోంచి వచ్చింది. అందుకే టార్గెట్ లైబ్రరీల ఫ్లాగ్‌లలో కూడా ఫైల్-ప్రిఫిక్స్-మ్యాప్ ఆప్షన్ ఇవ్వాలి. జీసీసీ 8 నుంచి ఇది ఉంది, డీబగ్ సమాచారంలోనూ, ఫైల్ పేరు చెప్పే మ్యాక్రోలోనూ (బిల్డ్ అప్పుడు కంపైలర్ విలువ నింపే పదంలోనూ) రెండు చోట్లా పాత్‌ని మారుస్తుంది. అసర్ట్‌లు (తప్పు జరిగితే ఫైల్ పేరు చెప్పి ఆపే చెక్‌లు) వాడే కోడ్‌లో ఆ మ్యాక్రో వల్ల వచ్చే తేడా డీబగ్ సమాచారం తీసేసినా పోదు, అది గుర్తుంచుకోండి.

తేదీ, సమయం మ్యాక్రోలు బూట్ మెసేజ్‌లో వాడుతుంటే సోర్స్-డేట్-ఇపోక్ వేరియబుల్‌ని చివరి కమిట్ సమయానికి సెట్ చేయండి. జీసీసీ 7 నుంచి దాన్ని గౌరవిస్తుంది. భాష సెట్టింగ్ అయిన లొకేల్‌ని సీకి, టైమ్‌జోన్‌ని యూటీసీకి పెట్టండి. ఇవన్నీ ఎక్కడైనా దొరికే సలహాలే.

అంత తేలిగ్గా దొరకనిది, ఏ ఫైళ్లని ఎలా బిల్డ్ చేయాలో చూసి నడిపే టూల్ మేక్ సంగతి. మీ మేక్‌ఫైల్‌లో వైల్డ్‌కార్డ్‌తో, అంటే పేర్లు రాయకుండా ఉన్నవన్నీ తెమ్మని, సీ ఫైళ్లు ఏరుతుంటే, జీఎన్‌యూ మేక్ 3.82 నుంచి 4.2 వరకు ఆ జాబితాని అక్షర క్రమంలో పెట్టదు, డిస్క్‌లో ఎలా ఉంటే అలా ఇస్తుంది. 2020లో వచ్చిన 4.3 నుంచి మళ్లీ క్రమంలో పెడుతుంది. ఆబ్జెక్ట్ ఫైళ్ల వరుస మారితే లింకర్ ఫంక్షన్లని పెట్టే చిరునామాలు మారతాయి, హ్యాష్ మారుతుంది. ఇద్దరి ల్యాప్‌టాప్‌లలో కంపైలర్ ఒకటే అయినా తేడా వస్తోందంటే నేను మొదట చూసేది ఇదే. వైల్డ్‌కార్డ్ చుట్టూ సార్ట్ పెడితే పోతుంది.

జీఎంపీతో వచ్చిన తలనొప్పి ఒకటి చెబుతాను, ఎందుకంటే మీరు కూడా దాన్ని విడిగానే బిల్డ్ చేస్తున్నట్టు రాశారు. జీఎంపీ కాన్ఫిగర్ అయ్యేటప్పుడు బిల్డ్ చేస్తున్న మెషీన్ ప్రాసెసర్ ఏదో చూసి, దానికి తగిన అసెంబ్లీ కోడ్ ఎంచుకుంటుంది. మేం కొత్త మెషీన్‌లో కంపైలర్ బిల్డ్ చేసి అందరికీ పంచాం. నలుగురికి బాగానే పనిచేసింది. పాత ల్యాప్‌టాప్ ఉన్న ఒక్కమ్మాయికి మాత్రం "ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్" అని ఆగిపోయేది, అదీ కొన్ని ఫైళ్లకే. ఆమె రెండు రోజులు తన కోడ్‌లో తప్పు ఉందనుకుని టెన్షన్ పడింది. హోస్ట్‌ని సాధారణ ఎక్స్86-64 అని స్పష్టంగా ఇస్తే ఆ సమస్య పోయింది. ఇలాంటివి ఒకే చోట బిల్డ్ చేసినంత మాత్రాన పోవు, ఒకే చోట బిల్డ్ చేస్తే అందరికీ ఒకేసారి బయటపడతాయి, అంతే. అదీ మేలే.

ఒకసారి కంపైల్ చేసినదాన్ని దాచి మళ్లీ ఇచ్చే సీక్యాష్ వాడుతున్నారా? వాడితే ఇది జాగ్రత్తగా చదవండి. టార్ ఫైల్ ప్రతిసారీ ఒకేలా రావాలని మనం ఫైళ్లన్నిటికీ ఒకే సమయం ముద్ర వేస్తాం, పేర్ల వరుసలో పేరుస్తాం, ఓనర్‌ని సున్నా చేస్తాం. సీక్యాష్ ఏమో డిఫాల్ట్‌గా కంపైలర్ మారిందా లేదా అన్నది ఆ ఫైల్ సమయం, సైజు చూసి తేల్చుకుంటుంది. పైగా అది చూసేది పైకి కనిపించే జీసీసీ డ్రైవర్‌ని, లోపల అసలు పని చేసే సీసీ1ని కాదు. మీ ప్యాచ్ మారిస్తే మారేది ముఖ్యంగా సీసీ1. డ్రైవర్‌లో పీకేజీ-వెర్షన్ హ్యాష్ మారినా దాని పొడవు అంతే కాబట్టి సైజు మారదు. ఫలితంగా కొత్త కంపైలర్ పెట్టాక కూడా పాత కంపైలర్ చేసిన ఆబ్జెక్ట్ ఫైళ్లే వస్తాయి. దీనికి మందు, సీక్యాష్‌లో కంపైలర్-చెక్ సెట్టింగ్‌కి టూల్‌చెయిన్ హ్యాష్‌ని స్ట్రింగ్‌గా ఇవ్వడం. రిలీజ్ బిల్డ్‌కి మాత్రం సీక్యాష్ వద్దే వద్దు.

డెవలపర్ షెల్‌లోంచి దూరే వేరియబుల్స్ కూడా ఉన్నాయి. హెడర్ ఫైళ్లు ఎక్కడ వెతకాలో చెప్పే సీపాత్, సీ-ఇన్‌క్లూడ్-పాత్ లాంటివి సెట్ అయి ఉంటే జీసీసీ చడీచప్పుడు లేకుండా వాటిని వాడుకుంటుంది. బిల్డ్ స్క్రిప్ట్ మొదట్లోనే ఎన్విరాన్‌మెంట్ మొత్తం ఖాళీ చేసి, కావలసినవి మాత్రమే పెట్టండి.

హ్యాష్ గురించి ఒక హెచ్చరిక. హ్యాష్ సరిపోయిందంటే "నిన్నటిదే ఇవాళా వచ్చింది" అని అర్థం. "అది మంచిది" అని కాదు. 2024 మార్చిలో బయటపడిన ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ టూల్‌లోని దొంగ తలుపు (బ్యాక్‌డోర్) గుర్తుందా? 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఆ మాల్‌వేర్‌ని నడిపించే బిల్డ్ స్క్రిప్ట్ భాగం గిట్‌లో లేదు, విడుదల చేసిన టార్ ఫైల్‌లో మాత్రమే ఉంది. ఆ టార్ ఫైల్ హ్యాష్ రాసిపెట్టుకున్నవాళ్లకి ప్రతిసారీ అదే దొంగ తలుపు కచ్చితంగా, ఒకేలా వచ్చి ఉంటుంది. కంపైలర్ విషయంలో ఈ భయాన్ని యూనిక్స్ సృష్టికర్తల్లో ఒకరైన కెన్ థాంప్సన్ 1984లోనే అచ్చైన తన ట్యూరింగ్ అవార్డు ప్రసంగంలో చూపించాడు: సోర్స్‌లో ఎక్కడా కనిపించకుండా కంపైలర్ బైనరీలోనే దొంగ తలుపు తరతరాలుగా బతకగలదు. దానికి డేవిడ్ వీలర్ చూపించిన విరుగుడు, సంబంధం లేని రెండో కంపైలర్‌తో మొదటిదాన్ని బిల్డ్ చేసి, దానితో మళ్లీ బిల్డ్ చేసి, ఫలితాలు పోల్చడం. మీ ఆరుగురి టీమ్ రోజూ అంత చేయనక్కర్లేదు. కానీ సంవత్సరానికి ఒకసారి టూల్‌చెయిన్‌ని జీసీసీకి బదులు క్లాంగ్ అనే ఇంకొక కంపైలర్‌తో బిల్డ్ చేసి, రెండింటితోనూ ఫర్మ్‌వేర్ తీసి హ్యాష్ పోల్చండి. మేం చేస్తున్నాం. ఒక పూట పని.

ప్రతి టూల్‌నీ రాసిపెట్టిన లెక్క ప్రకారమే బిల్డ్ చేసే ప్యాకేజీ మేనేజర్లు నిక్స్, గీక్స్ వాడాలా అని కూడా అడిగారు. ఈ సమస్యని మూలం నుంచి ఆలోచించినవాళ్లు వాళ్లే, నాకు ఎంతో గౌరవం. గీక్స్ 2023లో 357 బైట్ల చిన్న ప్రోగ్రామ్ నుంచి మొదలుపెట్టి మొత్తం కంపైలర్ వరకు సోర్స్ నుంచే బిల్డ్ చేసి చూపించింది. మీలో కనీసం ఇద్దరు దాన్ని నేర్చుకుని, ఇద్దరిలో ఒకరు ఉద్యోగం మారినా నడిపించగలమంటే వాడండి. ఒక్కరే ఉత్సాహంగా ఉంటే వద్దు. నా 2016 కథలో ఉన్నది కూడా అలాంటి ఒక్క మనిషే.

ప్యాచ్‌ల విషయంలో నేను కొంచెం కఠినంగా ఉంటాను. ప్రతి ప్యాచ్ ఒక ఫైల్, ముందు వరుస నంబర్. పైన మూడు సంగతులు రాసి ఉండాలి: ఎందుకు వేశాం, అసలు ప్రాజెక్టుకి పంపామా, ఎప్పుడు తీసేయవచ్చు. మీ రెండో ప్యాచ్, బగ్ కోసం వేసినది, కొత్త జీసీసీలో ఇప్పటికే సరిచేసి ఉండే అవకాశం ఉంది. ముందు అది చూడండి, ఉంటే వెర్షన్ మార్చి ప్యాచ్ వదిలేయండి. మొదటిది తప్పదు. సొంత ఇన్‌స్ట్రక్షన్ పెట్టుకున్నవాళ్లు సొంత కంపైలర్ బాధ్యత కూడా మోయాలి. రాకెట్ల కోసం చేసిన విక్రమ్ 3201 ప్రాసెసర్‌కి ఇస్రో ఏడా భాష కంపైలర్, అసెంబ్లర్, లింకర్ అన్నీ తనే తయారుచేసుకోవాల్సి వచ్చింది. ఇంకొక మాట, మీ కస్టమర్‌కి కంపైలర్ బైనరీ కూడా ఇస్తే జీసీసీ లైసెన్స్ అయిన జీపీఎల్ ప్రకారం మీ ప్యాచ్‌లతో సహా దాని సోర్స్ ఇవ్వాలి. దిట్టం ఉంటే అది చిటికెలో పని.

టూల్‌చెయిన్ మార్చినప్పుడు ఆ కమిట్‌లో హ్యాష్ ఒక్కటే మారాలి, కోడ్ ఒక్క లైను కూడా కాదు. ఫర్మ్‌వేర్ సైజు ఎంత పెరిగింది, ఇంటరప్ట్ సమయాలు ఎంత మారాయి అన్నది ఆ కమిట్ మెసేజ్‌లోనే రాయండి. పాత టూల్‌చెయిన్‌ని మాత్రం ఎప్పటికీ చెరపవద్దు.

అన్నిటికంటే ముందు ఈ వారం ఇది చేయండి. ఒకరి దగ్గరున్న టూల్‌చెయిన్ ఫోల్డర్‌ని యథాతథంగా టార్ చేసి ఇంకొకరికి ఇవ్వండి. ఇద్దరూ ఒకే కమిట్‌ని, వేర్వేరు పేర్లున్న ఫోల్డర్లలో, ఒకరు పొద్దున, ఒకరు సాయంత్రం బిల్డ్ చేయండి. రెండు ఈఎల్ఎఫ్ ఫైళ్లని తేడాలు చూపించే డిఫోస్కోప్ టూల్‌కి ఇవ్వండి. తేడా డీబగ్ సెక్షన్లలో మాత్రమే ఉంటే అది పాత్‌ల గొడవ, ఫైల్-ప్రిఫిక్స్-మ్యాప్‌తో పోతుంది. రీడ్-ఓన్లీ డేటాలో ఉంటే తేదీ మ్యాక్రోలో, అసర్ట్‌లో చూడండి. టెక్స్ట్ సెక్షన్‌లో (ఇన్‌స్ట్రక్షన్లు ఉండే చోట) చిరునామాలు మాత్రమే జరిగి ఉంటే మేక్‌ఫైల్ వరుస. ఇన్‌స్ట్రక్షన్లే వేరుగా ఉంటే ఒకరి షెల్‌లోంచి ఏదో ఫ్లాగ్ లేదా వేరే హెడర్ దూరుతోంది. మీకు వచ్చిన తేడా ఏ సెక్షన్‌లో ఉందో ఇక్కడే కింద రాయండి, అక్కడి నుంచి కలిసి చూద్దాం.